బాధితురాలి పక్షాన నిలిచిన అధ్యాపకురాలు
- నలుగురి లేఖతో కదిలిన చట్టం
- నేటి హక్కులకు నాటి పరిశోధనే పునాది

అత్యాచార కేసుల్లో బాధితురాలి మాటకు న్యాయస్థానంలో విలువ దక్కడం వెనుక పెద్ద పోరాటమే ఉంది. అందులో పాలుపంచుకున్న విద్యావేత్తల్లో ఆచార్య లోతికా సర్కార్ ఒకరు. కేంబ్రిడ్జిలో న్యాయవిద్య పూర్తిచేసిన తొలి భారతీయ మహిళ ఆమె. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు నేరశాస్త్రం, న్యాయశాస్త్రం బోధించారు. దేశంలో మహిళల స్థితిగతులపై 1974లో నివేదిక సమర్పించిన కమిటీలో సభ్యురాలు. 2013లో కన్నుమూశారు.

దేశాయిగంజ్‌లో ఏం జరిగింది?

నేటి గడ్చిరోలి జిల్లాలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972 మార్చిలో ఒక ఆదివాసీ బాలికపై పోలీసులు అఘాయిత్యానికి ఒడిగట్టినట్లు కేసు నమోదైంది. సెషన్స్ కోర్టు నిందితులను విడిచిపెట్టగా, బొంబాయి హైకోర్టు శిక్ష విధించింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. బాలిక ఒంటిపై గాయాలు లేవని, ఆమె కేకలు వేయలేదని, కనుక బలవంతం జరిగినట్లు భావించలేమని పేర్కొంది.

ఈ తీర్పుపై 1979 సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లోతికా సర్కార్‌తో పాటు ఉపేంద్ర బక్షి, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ సంతకాలు చేశారు. భయంతో లొంగిపోవడం వేరు, ఇష్టపడి అంగీకరించడం వేరన్నది అందులోని సారాంశం. రాత్రివేళ ఠాణాలో చిక్కిన పేద బాలిక పోలీసులను ఎలా ఎదిరించగలదని వారు ప్రశ్నించారు.

హైదరాబాద్‌లోనూ నిరసన జ్వాల

అప్పటికే 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మృతి నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కర్ణాటకకు బదిలీ అయిన కేసులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. లేఖ వెలువడిన తర్వాత మహిళా సంఘాలు దేశమంతటా వీధుల్లోకి వచ్చాయి.

ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించారు. అటువంటి కేసుల్లో లైంగిక చర్య రుజువై, తన సమ్మతి లేదని బాధితురాలు సాక్ష్యమిస్తే న్యాయస్థానం దానినే నిజమని భావించాలి. కాదని నిరూపించవలసిన భారం నిందితునిదే. బాధితురాలి పేరు వెల్లడించడం కూడా నేరమయింది. అయితే దేశాయిగంజ్ బాలికకు మాత్రం న్యాయం దక్కలేదు. పునస్సమీక్షకు సుప్రీంకోర్టు అంగీకరించలేదు.

నేడు బాధితులకు ఉన్న హక్కులు

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర చట్టాల్లోనూ ఈ రక్షణలు కొనసాగుతున్నాయి.

* నేరం ఎక్కడ జరిగినా, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. వాంగ్మూలాన్ని మహిళా అధికారి నమోదు చేయాలి.
* అత్యాచార ఫిర్యాదును నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చు.
* ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఉచితంగా తక్షణ చికిత్స అందించాలి. నిరాకరించడం నేరం.
* రెండు వేళ్ల పరీక్ష చేయరాదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించింది.
* నిందితుడు దొరకకపోయినా, విచారణ జరగకపోయినా పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు.
* సహాయానికి 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చట్టం ఇంత చెబుతున్నా, పల్లెల్లో ఇటువంటి ఘటనలను పెద్దమనుషుల పంచాయితీలో రాజీ చేసి, కొంత సొమ్ము ముట్టజెప్పి మూసివేసే ధోరణి పూర్తిగా పోలేదు. అత్యాచారం రాజీకి వీలున్న నేరం కాదు. పరువు పేరిట బాధితురాలి నోరు నొక్కితే, ఆమె మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టిన పాత పొరపాటే మళ్లీ జరిగినట్లవుతుంది. లోతికా సర్కార్, ఆమె సహచరులు ఎదిరించినది సరిగ్గా ఆ పొరపాటునే.