కోడిపెట్ట చెప్పిన లెక్క

మీ ఇంటి నాటుకోడిపెట్టను ఎప్పుడైనా శ్రద్ధగా గమనించారా? పదో పన్నెండో గుడ్లు పెట్టి, ఇక చాలన్నట్టు గంపలో కూర్చుంటుంది. ఇరవైయొక్క రోజులు పొదుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక వాటిని వెంటేసుకుని దొడ్డంతా తిప్పుతుంది. ఆ రెండు మూడు నెలలూ గుడ్డు ఊసే ఉండదు. మా గంగవరం చుట్టుపక్కల పల్లెల్లో ఏ దొడ్లో చూసినా ఇదే వరస. ఇక ఫారం కోడి సంగతి వేరు. ఇంచుమించు రోజుకొక గుడ్డు, ఏడాదికి సుమారు 300 గుడ్లు పెడుతుంది. పొదుగుకు కూర్చునే గుణం పోయేటట్లు, తరతరాలుగా మనిషి ఏరి పెంచిన జాతి అది. దానికి విరామం లేదు.

ఈ కోళ్ళకూ, స్త్రీలకు వచ్చే ఒక పెద్ద జబ్బుకూ సంబంధం ఉందంటే మీకు వింతగా తోచవచ్చు. ఆ జబ్బు అండాశయపు కాన్సరు. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 3 లక్షల 24 వేలమందికి ఇది కొత్తగా సోకింది. వారిలో 47 వేలమంది మన దేశపు స్త్రీలు. మన దేశంలో స్త్రీలకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సరు, గర్భాశయ ముఖద్వారపు కాన్సరు తరువాత మూడో స్థానం దీనిదే.

మగపిల్లలు ఇది మనకు సంబంధించింది కాదని పేజీ తిప్పేయకండి. మీ వంతు కూడా ముందు వస్తుంది.

జంతువులలో ఈ కాన్సరు తనంతట తానుగా తరచు వచ్చేది చాలా కొద్ది ప్రాణులకే. వాటిలో ముఖ్యమైనది గుడ్ల కోడి. మూడు నాలుగేళ్ళు పెంచిన గుడ్ల కోళ్ళను కోసి పరీక్షించిన శాస్త్రజ్ఞులకు వాటి అండాశయాల్లో కాన్సరు గడ్డలు ఎక్కువగా కనబడ్డాయి. ఫారాల్లో మనకు ఇది కనబడదు, ఎందుకంటే ఏడాదిన్నర దాటగానే ఆ కోళ్ళను అమ్మేస్తారు. (కోడిమాంసం తింటేనో గుడ్డు తింటేనో ఆ కాన్సరు మనకు అంటుకుంటుందేమోనని భయపడకండి. కాన్సరు అలా అంటే జబ్బు కాదు.)

గుడ్లు పెట్టడానికీ కాన్సరుకూ ముడి ఏమిటి? ఈజిప్టు దేశపు వైద్యుడు మహమూద్ ఫతల్లా 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. విరామం లేకుండా నెలనెలా అండం విడుదల కావడమే ఈ కాన్సరుకు ఒక కారణం కావచ్చునని ఆయన ఊహ. ఆ ఊహను అర్థం చేసుకోవాలంటే అండాశయంలో ఏం జరుగుతుందో చూడాలి.

స్త్రీ శరీరంలో గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత అండాశయాలు రెండు ఉంటాయి. రజస్వల అయిన నాటినుంచి ముట్లుడిగే దాకా, సామాన్యంగా నెలకొక అండం పక్వమవుతుంది. అది నీరు నిండిన చిన్న బుడగలో పెరిగి, అండాశయం పైపొరను చీల్చుకుని బయటపడుతుంది. పక్కనే కుచ్చులాంటి అంచుతో కాచుకుని ఉన్న అండవాహిక దాన్ని అందుకుంటుంది. చీలిన చోట ఒక చిన్న గాయం మిగులుతుంది. గాయం మానాలంటే చుట్టూ ఉన్న కణాలు విభజన చెందాలి. ప్రతి విభజనలోనూ కణం తన డి.ఎన్.ఏ.ను నకలు తీయాలి. వందల పేజీల పుస్తకాన్ని చేతితో ఎత్తిరాసేటప్పుడు అక్కడక్కడ అక్షరం తప్పిపోదూ? ఇక్కడా అంతే. చాలా తప్పులను కణమే దిద్దుకుంటుంది. దిద్దుబాటుకు అందని తప్పులు కొన్ని పోగుపడితే, ఎప్పుడు ఆగాలో మరచిపోయి పెరుగుతూనే పోయే కణం ఒకటి పుట్టవచ్చు. మన పెద్దలు రాచపుండు అని భయపడిన కాన్సరు మొదలయ్యేది అలాగే.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒకామె 13 ఏళ్ళకు రజస్వల అయి, 47 ఏళ్ళకు ముట్లుడిగిందనుకుందాం. మధ్య 34 ఏళ్ళు. ఏడాదికి 13 అండాల చొప్పున మొత్తం 442. ఇదే వయస్సు లెక్కన మీ అవ్వ సంగతి చూడండి. ఆమె ఆరుగురు బిడ్డల తల్లి అనుకుందాం. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ అండం విడుదల కాదు. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో కూడా చాలా నెలలపాటు కాదు. నాటుకోడి పొదుగు వంటిదే ఇది కూడా. ఒక్కో బిడ్డకు రెండేళ్ళ విరామం వేసుకుంటే, ఆరుగురికి 12 ఏళ్ళు. మిగిలిన 22 ఏళ్ళను 13తో హెచ్చిస్తే 286. ఇద్దరు పిల్లలతో చాలించిన మీ అమ్మకు 30 ఏళ్ళు, అంటే 390. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే. అయినా లెక్క ఎటు మొగ్గుతుందో మీకు తెలిసిపోయింది గదా!

దేశదేశాల స్త్రీల వివరాలు సేకరించి చూస్తే లెక్క చాలావరకు సరిపోయింది. బిడ్డలను కన్న వారికి, కనని వారికన్నా ముప్పు తక్కువ. పాలిచ్చిన కాలం పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. గర్భనిరోధక మాత్రలు అండం విడుదలను ఆపుతాయి. మరి వాటి సంగతి? 21 దేశాల్లో జరిగిన 45 పరిశోధనలను కలిపి 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ మాత్రలు వాడిన ప్రతి అయిదేళ్ళకూ ముప్పు సుమారు అయిదో వంతు తగ్గింది. పదిహేనేళ్ళు వాడినవారిలో ఇంచుమించు సగమైంది. అయితే ఆ మాత్రలకు తమ ఇబ్బందులు తమకున్నాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం, రొమ్ము కాన్సరు ముప్పు కొద్దిగా పెరగడం వాటిలో కొన్ని. కనుక డాక్టరు చెప్పకుండా వాడే వస్తువు కాదు.

కాని లెక్క అంతటితో తెగలేదు. ఒక్క కాన్పు తొమ్మిది నెలల అండాలను మాత్రమే ఆపుతుంది. ముప్పు మాత్రం అంతకన్నా ఎక్కువే తగ్గుతున్నది. అంటే అండాల లెక్క కాక హార్మోనులు మొదలైనవి కూడా ఏవో పనిచేస్తున్నాయన్నమాట. ఒక మంచి ఊహ సగం నిజమై, మిగతా సగానికి కొత్త ప్రశ్నలు లేపడం విజ్ఞానశాస్త్రంలో మామూలే. నాకైతే ఆ రెండో సగమే ఎక్కువ ఇష్టం.

అటువంటి ప్రశ్నల్లో ఒకటి మన రాష్ట్రానికి బాగా దగ్గరిది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు నూటికి సుమారు 70 మంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట ఇది. దేశంలో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. ఆ ఆపరేషన్‌లో అండవాహికలను ముడివేసి కత్తిరిస్తారు. అండాశయాల జోలికి పోరు. నెలనెలా అండం యథాప్రకారం విడుదలవుతూనే ఉంటుంది. అయినా ఆ ఆపరేషన్ అయిన వారిలో అండాశయపు కాన్సరు ముప్పు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది! అండాల లెక్క ఇక్కడ పనికిరాదు. ఎందుకు?

సమాధానం ఈ శతాబ్దం మొదట్లో దొరికింది. ఈ కాన్సరు వచ్చే అవకాశం బాగా ఎక్కువగా ఉన్న కొందరు స్త్రీలకు ముందుజాగ్రత్తగా అండాశయాలనూ అండవాహికలనూ తీసివేశారు. వాటిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించినప్పుడు, కాన్సరు తొలి మొలకలు అండాశయంలో కాక అండవాహిక చివరి కుచ్చులో కనబడ్డాయి. అక్కడినుంచి రాలిన కణాలు పక్కనున్న అండాశయం మీద పడి పెరుగుతాయన్నమాట. అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం చాలావరకు ఇలాగే పుడుతుందని ఇప్పుడు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పేరు అండాశయానిది, పుట్టుక పొరుగింట్లో! గర్భసంచి వైపునుంచి పైకి పాకివచ్చే కణాల వల్ల కలిగే రకాలు మరికొన్ని ఉన్నాయి. అండవాహికను ముడివేస్తే వాటి దారి మూసుకుపోతుంది. అందుకే కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియాలో 2010 నుంచి వైద్యులు, ఎటూ ఆపరేషన్ చేయవలసి వచ్చిన స్త్రీలకు వారి సమ్మతితో అండవాహికలను పూర్తిగా తీసివేసి, అండాశయాలను అలాగే ఉంచుతున్నారు. వారిలో ఆ ప్రమాదకరమైన రకం అనుకున్నదానికన్నా బాగా తక్కువగా కనబడింది.

ముప్పును పెంచేవాటిలో మొదటిది వయస్సు. యాభై దాటినవారికే ఇది ఎక్కువ. గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు, స్థూలకాయం, ముట్లుడిగిన తరువాత ఏళ్ళ తరబడి వాడే హార్మోను మందులు కొంతవరకు పెంచుతాయి. పొగతాగడం ఒక రకాన్ని పెంచుతుంది. రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ ధూళి అండాశయానికి కూడా చేటని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2009లో తేల్చింది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వినది ఆ ఖనిజమే.

ఇక మగపిల్లల వంతు. అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ క్లెయిర్ కింగ్ 1990లో, రొమ్ము కాన్సరు వంశపారంపర్యంగా వచ్చే కుటుంబాలను పరిశీలించి, దానికి మూలమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపింది. దాని పేరు బి.ఆర్.సి.ఏ.-1. మరికొన్నేళ్ళకు 13వ క్రోమోజోము మీద బి.ఆర్.సి.ఏ.-2 దొరికింది. ఈ జన్యువుల పని, ఇందాక మనం చెప్పుకున్న తప్పులను దిద్దడమే. దిద్దే పంతులే తప్పు చేస్తే ఏమవుతుంది? మన దేశంలో మామూలుగా 75 ఏళ్ళ వయస్సు వచ్చేలోగా నూటికి ఒకరికన్నా తక్కువమందికే ఈ కాన్సరు వస్తుంది. మొదటి జన్యువు చెడిన స్త్రీలలో 80 ఏళ్ళ లోపు నూటికి సుమారు 44 మందికి, రెండోది చెడినవారిలో 17 మందికి వస్తుంది. ఈ చెడిన జన్యువు తల్లినుంచే రావాలని లేదు, తండ్రినుంచీ రావచ్చు. ఎవరినుంచి వచ్చినా బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా. మెండెల్ బఠాణీల లెక్క మీరు పదో తరగతిలో చేసేదే. కాబట్టి నోటుపుస్తకంలో మీ వంశవృక్షం గీయండి. మూడు తరాలు, అమ్మ వైపూ నాన్న వైపూ, ఎవరికి ఏ కాన్సరు ఏ వయస్సులో వచ్చిందో పెద్దలను అడిగి రాయండి. రొమ్ము, అండాశయపు కాన్సర్లు ఇద్దరు ముగ్గురికి కనబడితే పెద్దల ద్వారా డాక్టరు దృష్టికి తీసుకువెళ్ళండి. మనకు దగ్గరలోని వేలూరు సి.ఎం.సి. వంటి పెద్ద ఆసుపత్రుల్లో జన్యు పరీక్ష, సలహా రెండూ దొరుకుతాయి.

ఈ జబ్బును ముందుగా పట్టే పరీక్ష లేదా అని మీరడగవచ్చు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలకు ఏళ్ళ తరబడి రక్తపరీక్షలు, స్కానింగులు చేసి చూశారు. దానివల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. కనుక లక్షణాలను గుర్తించడమే ఇప్పటికి మనచేతిలో ఉన్నది. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం — ఇవి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉండేవే. కొత్తగా మొదలై, ఇంచుమించు రోజూ ఉంటూ, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గ్యాస్ మాత్రలతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి.

పల్లెల్లో మరొక మాట మీ చెవిన పడి ఉంటుంది. తెల్లబట్ట అవుతున్నదనో, నడుం నొప్పి అనో వెళ్ళిన స్త్రీతో, గర్భసంచి తీసేయకపోతే కాన్సరు అవుతుందని చెప్పి భయపెట్టడం. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తానికి నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాల్లోకీ ఇదే ఎక్కువ. తెల్లబట్ట అండాశయపు కాన్సరుగా మారదు. కారణం కనుక్కుని మందులతో నయం చేయవలసినది అది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే కాన్సరు ముప్పు తగ్గేమాట నిజమే. కాని ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగినట్లవుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. జన్యువు చెడిన స్త్రీకి అది ప్రాణం నిలిపే ఆపరేషన్ కావచ్చు. నూటికి ఒకరికైనా రాని జబ్బుకు భయపడి మిగతావారంతా చెల్లించవలసిన మూల్యం కాదది. మీ అమ్మకో పిన్నికో అటువంటి సలహా వస్తే, మూడు ప్రశ్నలు అడగమని చెప్పండి: జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? అండాశయాలను ఉంచుతారా, తీస్తారా? జవాబులు కాగితం మీద రాయించుకుని, మరో డాక్టరుకు చూపించిన తరువాతే ఒప్పుకోమనండి.