ఛాంపియన్ల పుట్టిల్లు

కుర్ర డ్రైవర్లకు నడక నేర్పి ఫార్ములా వన్‌కు సాగనంపిన ఇంగ్లండ్ జట్టు కార్లిన్. నరేన్ కార్తికేయన్ నుంచి లాండో నోరిస్ దాకా ఎందరో అక్కడ ఓనమాలు దిద్దారు. చివరికి కార్లపై ఆ పేరే మిగల్లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగులు తీశాయి. ఈ విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పోర్చుగల్ డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్తా మూడో స్థానంలో నిలిచాడు. ఒకరిది డీఎస్ పెన్‌స్కీ కారు, మరొకరిది పోర్షే. కానీ కుర్రతనంలో ఇద్దరూ ఒకే జట్టు గ్యారేజీలో రాటుదేలినవారే. వెర్న్‌ను 2010లో బ్రిటిష్ ఫార్ములా త్రీ ఛాంపియన్‌ను చేసిందీ, 2012లోనూ 2016లోనూ మకావ్ గ్రాండ్ ప్రిలో ద కోస్తాను గెలిపించిందీ కార్లిన్ మోటార్‌స్పోర్టే. మన మహీంద్రా కంపెనీ 2014లో ఫార్ములా ఈలో అడుగుపెట్టినప్పుడు తొలి సీజన్లో ట్రాక్‌పై ఆ జట్టు వ్యవహారాలు చూసిందీ కార్లిన్ మనుషులే. అప్పుడు ఆ కార్లు నడిపింది కరుణ్ చందోక్, బ్రూనో సెన్నా.

ఇంత చేసినా కార్లిన్ పేరు రేసింగ్ అభిమానులకు తప్ప బయటివారికి పెద్దగా తెలియదు. అందుకు కారణం ఆ జట్టు ఉన్న మెట్టు.

డ్రైవరే జట్టుకు డబ్బిస్తాడు

ఫార్ములా వన్‌లో జట్లు తమ కార్లను తామే రూపొందించుకుంటాయి, డ్రైవర్లకు జీతాలిస్తాయి. దాని కింద ఉండే ఫార్ములా ఫోర్, త్రీ, టూ మెట్లలో లెక్క తలకిందులుగా ఉంటుంది. పోటీలో ఉన్న కార్లు దాదాపుగా ఒకే కంపెనీవి. ఫార్ములా త్రీ, టూలలో ఎక్కువగా కనిపించేవి ఇటలీకి చెందిన డల్లారా కంపెనీ కార్లే. సీటు కావాలంటే డ్రైవరే జట్టుకు డబ్బు కట్టాలి. ఆ డబ్బు అతని కుటుంబం నుంచి రావాలి, లేదంటే స్పాన్సర్ నుంచి, అదీ కాకపోతే కుర్రాడిలో సత్తా గుర్తించిన ఏ ఫార్ములా వన్ జట్టు నుంచో రావాలి. మెట్టు పెరిగేకొద్దీ ఖర్చు కోట్ల రూపాయలకు చేరుతుంది.

కార్లన్నీ ఒకేలా ఉన్నప్పుడు జట్టు గొప్పతనం ఎక్కడ బయటపడుతుంది? రెక్కలను ఏ కోణంలో బిగించాలి, సస్పెన్షన్ ఎంత గట్టిగా ఉండాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి అన్న చిన్న చిన్న నిర్ణయాల్లో. అంతకన్నా ముఖ్యం, డ్రైవర్‌ను కూర్చోబెట్టి అతని పొరపాటు అతనికే చూపించడంలో. ఏ మలుపులో ఎంత ముందు బ్రేకు తొక్కాడు, యాక్సిలరేటర్ మీద మళ్లీ ఎప్పుడు కాలు పెట్టాడు అన్నదంతా కంప్యూటర్‌లో నమోదవుతుంది. ఆ గీతలను సహచరుడి గీతల పక్కన పెడితే దాపరికం ఉండదు. ఒక రకంగా జూనియర్ జట్టంటే ఫీజు తీసుకుని చదువు చెప్పే కాలేజీ. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఎలాగూ వెళ్లిపోతాడు. ఆ ర్యాంకును చూపించి మరుసటి ఏడాది కొత్తవాళ్లను చేర్చుకోవాలి.

కోయంబత్తూరు కుర్రాడు

ఈ చదువుల వ్యాపారంలోకి ట్రెవర్ కార్లిన్, మార్టిన్ స్టోన్ 1996లో దిగారు. తర్వాతి కాలంలో లండన్‌కు నైరుతి దిక్కున, సర్రే కౌంటీలోని ఫార్న్‌హామ్ పట్టణం జట్టుకు స్థావరమైంది. తొలినాళ్లలో వారి కారెక్కిన వారిలో మన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ ఒకడు. 1996లో ఫార్ములా ఆసియా టైటిల్ గెలిచి ఇంగ్లండ్ చేరిన నరేన్, 1999లో కార్లిన్ కారుతో బ్రిటిష్ ఫార్ములా త్రీలో రెండు రేసులు నెగ్గాడు. జట్టుకు పేరు లేదు, డ్రైవర్ దేశానికి ఈ ఆటలో చరిత్ర లేదు. ఆ విజయాలు ఇద్దరికీ అవసరమైనవే.

అప్పట్లో బ్రిటిష్ ఫార్ములా త్రీ అంటే ఫార్ములా వన్ గుమ్మం. ఆ గుమ్మంలో కార్లిన్ పేరు గట్టిగా మోగింది 2001లో. హోండా అండతో వచ్చిన జపాన్ డ్రైవర్ తకుమా సాటో ఛాంపియన్ అయ్యాడు, రెండో స్థానం అతని సహచరుడు ఆంథొనీ డేవిడ్‌సన్‌కు దక్కింది. సాటో మరుసటి ఏడాదే జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్ చేరాడు. ఆ తర్వాత అమెరికా వెళ్లి 2017, 2020లలో ఇండియానాపొలిస్ 500 గెలిచాడు.

2003లో టైటిల్ తెచ్చిన దక్షిణాఫ్రికా డ్రైవర్ అలన్ వాన్ డర్ మెర్వ్ దారి వేరు. ఛాంపియన్ అయినా అతనికి ఫార్ములా వన్ రేసులో సీటు దొరకలేదు. ఆ సర్కస్‌లోకి అతను చేరింది మెడికల్ కారు డ్రైవర్‌గా. 2020 నవంబర్‌లో బహ్రెయిన్‌లో రోమెయిన్ గ్రోజాన్ కారు రెయిలింగ్‌ను చీల్చుకుని మంటల్లో చిక్కుకున్నప్పుడు క్షణాల్లో అక్కడికి చేరిన కారును నడిపింది అతనే. కాలేజీ ఎంత మంచిదైనా పట్టా పొందిన అందరికీ ఒకే ఉద్యోగం రాదనడానికి సాటో, వాన్ డర్ మెర్వ్‌ల కథలే సాక్ష్యం.

ట్రెవర్ కార్లిన్‌కూ పైమెట్టు ఎక్కే అవకాశం ఒకసారి వచ్చింది. 2005లో మిడ్‌ల్యాండ్ సంస్థ జోర్డాన్ జట్టును కొన్నప్పుడు ఆయనను స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తీసుకుంది. టాటాల మద్దతుతో అదే జట్టులో నరేన్ భారత్ తొలి ఫార్ములా వన్ డ్రైవర్ అయ్యాడు. కార్లిన్ మాత్రం ఏడాది సగం తిరగకుండానే తప్పుకుని కుర్రాళ్ల రేసులకే తిరిగొచ్చారు.

సీజన్ మధ్యలో వీడ్కోలు

జూనియర్ జట్టు కష్టం 2007లో సెబాస్టియన్ వెటెల్ విషయంలో స్పష్టంగా కనిపించింది. వరల్డ్ సిరీస్ బై రెనోలో కార్లిన్ కారుతో వెటెల్ పాయింట్ల పట్టికలో ముందున్నాడు. అంతలో ఫార్ములా వన్ నుంచి పిలుపొచ్చింది. ముందు గాయపడిన రాబర్ట్ కుబిట్సా బదులు బీఎండబ్ల్యూకు ఒక రేసు, ఆపై టోరో రోసోలో పూర్తి స్థాయి సీటు. టైటిల్ చేతికందే దూరంలో ఉండగా జట్టు తన నంబర్ వన్ డ్రైవర్‌ను సాగనంపింది. ఆ ఏడాది టైటిల్ మరో జట్టుకు పోయింది. కార్లిన్‌కు మిగిలింది 'వెటెల్ మా దగ్గరే నడిపాడు' అని చెప్పుకునే హక్కు. 2010 నుంచి 2013 దాకా వరుసగా నాలుగుసార్లు వెటెల్ ప్రపంచ ఛాంపియన్ కావడంతో ఆ హక్కు విలువ పెరిగింది. గ్రేటర్ నోయిడాలో 2011, 2012, 2013లలో జరిగిన ఇండియన్ గ్రాండ్ ప్రిలు మూడూ గెలిచింది అతనే.

2008 నుంచి 2013 వరకు కార్లిన్‌కు స్వర్ణయుగం. జైమే అల్గెర్సువారి, డేనియల్ రికియార్డో, వెర్న్, ఫెలిపె నాస్ర్, జాక్ హార్వే, జోర్డాన్ కింగ్‌లు వరుసగా ఆరేళ్లూ బ్రిటిష్ ఫార్ములా త్రీ టైటిల్‌ను కార్లిన్‌కే తెచ్చారు. ఆరుగురిలో మొదటి నలుగురూ ఫార్ములా వన్ చేరారు. వారిలో ముగ్గురు రెడ్ బుల్ డబ్బుతో పైకొచ్చినవారు. 2011లో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రిలో బలహీనమైన హెచ్ఆర్‌టీ జట్టు కార్లను నడిపింది నరేన్, రికియార్డో. ఒకే పాఠశాలలో పదేళ్ల తేడాతో చదువుకున్న ఆ ఇద్దరూ 17, 18 స్థానాల్లో నిలిచారు.

అయితే ఆ పాఠశాల పునాదులు అప్పటికే కదులుతున్నాయి. యూరప్‌లో జూనియర్ పోటీలు పెరిగి డ్రైవర్లు చెదిరిపోయారు. బ్రిటిష్ ఫార్ములా త్రీ పాత రూపం 2014తో ముగిసింది. కార్లిన్ ఒక్క మెట్టును నమ్ముకోకుండా అన్ని మెట్లకూ విస్తరించింది. 2010లో జీపీ3, 2011లో జీపీ2, ఆ తర్వాత ఫార్ములా ఫోర్, అమెరికాలో ఇండీ లైట్స్. 2016 చివర జీపీ2 నుంచి తప్పుకుని, అది ఫార్ములా టూగా మారాక 2018లో తిరిగొచ్చింది. అదే ఏడాది అమెరికా అత్యున్నత పోటీ ఇండీకార్‌లోనూ అడుగుపెట్టింది. అక్కడ దెబ్బ గట్టిగానే తగిలింది. 2019 ఇండియానాపొలిస్ 500కు అర్హత సాధించలేకపోయిన మూడు కార్లలో రెండు కార్లిన్‌వే. మూడోది కార్లిన్ సాంకేతిక సాయంతో వచ్చిన మెక్‌లారెన్. దాన్ని నడిపింది రెండుసార్లు ప్రపంచ విజేత ఫెర్నాండో అలోన్సో. కుర్రాళ్లను తీర్చిదిద్దడంలో ఆరితేరినంత మాత్రాన పెద్దల ఆట వచ్చేయదని ఆ రోజు తేలింది.

కాళ్లు లేని డ్రైవర్‌కు కారు

లెక్కల పుస్తకంలో లాభనష్టాలకు అందని పని ఒకటి ఆ కాలంలోనే జరిగింది. 2017 ఏప్రిల్‌లో డోనింగ్టన్ ట్రాక్‌పై జరిగిన ఫార్ములా ఫోర్ ప్రమాదంలో బ్రిటిష్ కుర్రాడు బిల్లీ మోంగర్ రెండు కాళ్లూ కోల్పోయాడు. అప్పుడతనికి పదిహేడేళ్లు. అతను నడిపింది వేరే జట్టు కారు. ఏడాది తిరక్కుండానే, 2018 మార్చిలో, అతనికి అనువుగా మార్చిన కారును కార్లిన్ సిద్ధం చేసింది. ఔల్టన్ పార్క్‌లో కొత్త తరహా బ్రిటిష్ ఫార్ములా త్రీలో తొలి రేసులోనే మోంగర్ మూడో స్థానంలో నిలిచాడు. 2019 మేలో ఫ్రాన్స్‌లోని పో గ్రాండ్ ప్రిని అదే జట్టు కారుతో గెలిచాడు.

ఒకే గ్యారేజీ, రెండు దారులు

2017లో కార్లిన్ యూరోపియన్ ఫార్ములా త్రీ జట్టులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఒకడు ఇంగ్లండ్‌కు చెందిన లాండో నోరిస్. 2015లో బ్రిటన్ ఫార్ములా ఫోర్ టైటిల్‌ను కార్లిన్‌తోనే గెలిచినవాడు. రెండోవాడు ముంబయి కుర్రాడు జెహాన్ దారూవాలా. ఫోర్స్ ఇండియా జట్టు 2011లో జరిపిన ప్రతిభాన్వేషణలో ఎంపికైన ముగ్గురిలో ఒకడు. ఇద్దరివీ డబ్బున్న కుటుంబాలే. నోరిస్ ఆ ఏడాది యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు. 2018లో ఫార్ములా టూలో రెండో స్థానం సాధించి, కార్లిన్‌కు జట్ల టైటిల్ రావడంలో పెద్ద చేయి వేసి, 2019లో మెక్‌లారెన్ చేరాడు.

దారూవాలా వేరే జట్టులో ఒక ఏడాది గడిపి 2020లో కార్లిన్‌కు తిరిగొచ్చాడు, ఈసారి ఫార్ములా టూలో. డిసెంబర్ 6న బహ్రెయిన్‌లో స్ప్రింట్ రేసు గెలిచాడు. జీపీ2 రోజుల్లో కరుణ్ చందోక్ రేసులు గెలిచినా, ఫార్ములా టూ అని పేరు మారాక ఒక భారతీయుడు గెలవడం అదే మొదలు. అయినా గుమ్మం తెరుచుకోలేదు. ఫార్ములా వన్ లైసెన్సుకు మూడేళ్లలో నలభై పాయింట్లు కూడగట్టాలి. కూడగట్టినా అప్పట్లో ఉన్న సీట్లు ఇరవై. ఆ ఏడాది అతని సహచరుడు యుకి సునోడా మూడో స్థానంతో, హోండా, రెడ్ బుల్‌ల అండతో 2021లోనే పైకెళ్లాడు. దారూవాలా మరో మూడేళ్లు ఫార్ములా టూలోనే గడిపి ఆఖరుకు ఫార్ములా ఈ వైపు మళ్లాడు.

వేగంలో తేడా లేదని ఎవరూ అనరు. నోరిస్ స్థాయి వేరు. కానీ ఇంగ్లండ్ కుర్రాడికి సొంత ఊరికి కొన్ని గంటల దూరంలో ఇలాంటి జట్లు అరడజను ఉంటాయి. చెన్నై శివారులోని ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోనో మొదలెట్టే కుర్రాడు పదిహేనో ఏటికల్లా ఇల్లు, చదువు వదిలి ఖండం దాటాలి. ఆ ఖర్చుకు తట్టుకున్న కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నరేన్ తర్వాత చందోక్ తప్ప మన దేశం నుంచి ఫార్ములా వన్ రేసు నడిపినవారు లేకపోవడానికి ప్రతిభ కొరత ఒక్కటే కారణం కాదు.

పేరు పోయింది

పిల్లలను పెంచి పంపే ఇంటికి డబ్బు ఎప్పుడూ కొరతే. 2022లో కార్లిన్‌తో ఫార్ములా టూ నడిపిన లియామ్ లాసన్, లోగన్ సార్జెంట్ ఇద్దరూ మరుసటి ఏడాదికే ఫార్ములా వన్‌లో కనిపించారు. అంటే పని నాణ్యత తగ్గలేదు. అయినా 2023లో న్యూజిలాండ్‌కు చెందిన రోడిన్ కార్స్ సంస్థ జట్టులో పెద్ద వాటా తీసుకుంది. జట్టు రోడిన్ కార్లిన్ అయింది. 2024లో ట్రెవర్ కార్లిన్ కుటుంబం పూర్తిగా తప్పుకుంది. పేరు రోడిన్ మోటార్‌స్పోర్ట్‌గా మారింది.

2025 డిసెంబర్‌లో అబూ ధాబిలో లాండో నోరిస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వెటెల్ తర్వాత కార్లిన్ గ్యారేజీ నుంచి వెళ్లి ఆ కిరీటం అందుకున్నది అతనే. పదిహేనేళ్ల వయసులో అతనికి తొలి సింగిల్ సీటర్ టైటిల్ అందించిన జట్టు పేరు ఆ నాటికి ఏ కారు మీదా లేదు. జూనియర్ రేసింగ్‌లో ట్రోఫీ డ్రైవర్‌తో వెళ్తుంది, కారు కంపెనీకి వెళ్తుంది, జట్టు కొన్నవాడికి వెళ్తుంది. నేర్పినవాడి పేరు రికార్డు పుస్తకాల్లోనే మిగులుతుంది. మన దేశం మరో నరేన్ కోసం ఎదురుచూస్తూనే ఉంది. కుర్రాడిని వెతకడంతో సరిపెట్టకుండా, అతనికి నేర్పే ఇలాంటి గ్యారేజీ ఒక్కటైనా ఇక్కడ ఇరవై ఏళ్లు నిలబడేలా చూడటం ఆ ఎదురుచూపులో మొదటి పని కావాలి.