ఉప్పుతో గీసిన పద్మవ్యూహం

బీచ్‌లో సైకత శిల్పాలు చూసే ఉంటారు. మరి వంటింటి ఉప్పుతో హాలంత చిక్కుదారి గీసే మనిషి గురించి విన్నారా? దానికి గోడలుండవు, జిగురుండదు. గట్టిగా తుమ్మితే చెదిరిపోయే తెల్లటి గీతలు, అంతే. వాటి కోసం ఆయన రోజుల తరబడి నేలమీదే కూర్చుంటారు. ప్రదర్శన ముగిశాక అంతా ఊడ్చేసి సముద్రంలో కలిపేస్తారు. జపాన్ కళాకారుడు మొతోయి యమమొతో తీరు ఇది. 'చెరిపేయడానికి ఇంత కష్టమా?' అనిపిస్తోంది కదూ! ఆయన అక్కడిదాకా ఎలా వచ్చారో తెలిస్తే ఆ మాట అనరు.

చెల్లెలు పోయాక...

యమమొతో 1966లో హిరోషిమా ప్రాంతంలోని ఒనొమిచిలో పుట్టారు. అది ఓడల పరిశ్రమకు పేరున్న ఊరు. కొన్నాళ్లు ఓడల తయారీ కేంద్రంలోనే పనిచేశారు. బొమ్మల మీద ఇష్టంతో ఆ ఉద్యోగం వదిలేసి, కనజావాలోని ఆర్ట్ కాలేజీలో చేరారు. చదువు పూర్తవకముందే పిడుగులాంటి దెబ్బ. మెదడు క్యాన్సర్‌తో చెల్లెలు 1994లో కన్నుమూసింది. ఆమెకప్పుడు 24 ఏళ్లు.

జపాన్‌లో అంత్యక్రియలకు వెళ్లొచ్చినవాళ్లు ఇంట్లో అడుగుపెట్టేముందు ఒంటిమీద చిటికెడు ఉప్పు చల్లుకుంటారు. మైల పోతుందని నమ్మకం. మన ఇళ్లలో ఉప్పుతో దిష్టి తీయడం లాంటిదే అనుకోండి. ఆ ఉప్పునే యమమొతో తన కళకు ముడిసరుకుగా ఎంచుకున్నారు. చెల్లెలి జ్ఞాపకాలు చెదిరిపోకుండా పట్టుకోవాలి, వాటి వెంట నడుస్తూ ఆమెను మళ్లీ తాకాలి... ఆ తపనే గీత మీద గీతగా చిక్కుదారి అయింది.

సీసా, ఓపిక... అంతే!

పనిముట్టు చూస్తే ఆశ్చర్యపోతారు. మిషన్లకు నూనె వేసే సీసా ఉంటుంది చూడండి, అలాంటి మూతి సన్నటి ప్లాస్టిక్ సీసా ఒక్కటే. అందులో ఉప్పు నింపి, కొద్దికొద్దిగా రాలుస్తూ గీత లాగుతారు. చెయ్యి వణికినా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా గీతలో తెలిసిపోతుంది. గీసినచోటికి మళ్లీ వెళ్లాలంటే కాలు పెట్టే జాగా ఉండదు. కాబట్టి ఎటునుంచి మొదలుపెట్టి ఎటు వెనక్కి జరగాలో ముందే లెక్క చూసుకోవాల్సిందే.

ఉప్పుకూ కొన్ని లెక్కలున్నాయి. పొడి ఉప్పును కుప్పపోస్తే వాలు సుమారు 30 డిగ్రీలు దాటి నిలవదు, జారిపోతుంది. అంటే గీత ఎత్తు పెరగాలంటే అడుగున వెడల్పూ పెరగాలి. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. మళ్లీ ఆరితే గడ్డకడుతుంది. వానాకాలంలో మన ఇంట్లో ఉప్పుడబ్బా తీస్తే తెలిసేది ఇదే!

2012లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో ఆయన ప్రదర్శన జరిగింది. ఆఖరిరోజు చూడ్డానికి వచ్చినవాళ్లే ఆ ఉప్పును చేతులతో పోగుచేసి నీళ్లలో కలిపారు. ఎక్కడిది అక్కడికే చేరాలన్నది ఆయన ఆలోచన. ఆ ఉప్పు సముద్రంలో ఏదో ఒక ప్రాణికి ఆసరా అవుతుందనేది ఆశ.

మీ వాకిట్లోనూ గీయొచ్చు

పొడి వేళ్ల సందుల్లోంచి జారవిడిచి గీత లాగడం మనకు కొత్తేం కాదు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి ఉండదని తెలిసినా అమ్మ మర్నాడు మళ్లీ వేస్తుంది. ఆ చెయ్యి మీకూ ఉందేమో చూసుకోండి. కిలో ఉప్పు, ఖాళీ సాస్ సీసా, నాలుగు నల్ల చార్టులు చాలు.

చార్టులు కలిపి పరిచి మధ్యలో ప్లస్ గుర్తు గీయండి. దాని నాలుగు మూలల్లో ఒక్కో 'ఎల్' ఆకారం వేయండి. ఎల్ మూల ప్లస్ మధ్యభాగం వైపు ఉండాలి. ప్రతి ఎల్ చేతుల మధ్య ఒక చుక్క పెట్టండి. ఇప్పుడు ప్లస్ పైకొసను కుడిపక్క ఎల్ పైకొసతో వంపుగా కలపండి. తర్వాత ఎడమపక్క ఎల్ పైకొసను కుడివైపు చుక్కతో కలపండి. ఇలా ఎడమవైపు తర్వాతి కొసను కుడివైపు తర్వాతి కొసతో, ముందు గీసిన వంపు మీదుగా కలుపుతూ పోండి. మొత్తం ఎనిమిది వంపులు. ఏడు వరుసల చిక్కుదారి తయార్! ప్రాచీన గ్రీకు నాణేలపై కనిపించేది ఈ ఆకారమే. ఇందులో తప్పుదారులుండవు. ఒకటే దారి, తిరిగి తిరిగి నడిమికి చేరుస్తుంది. ముందు పెన్సిల్‌తో కాగితం మీద సాధన చేసి, ఫ్యాను ఆపేసి ఉప్పు పట్టుకోండి.

దీంతో కెరియర్ ఉంటుందా?

ఇలా ఒక చోటును, వస్తువుల్ని వాడుకుని చేసేదాన్ని ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటారు. నెలనెలా జీతం వచ్చే దారి కాదిది. అయితే ఇందులో పట్టు సాధించినవాళ్లకు మ్యూజియం గ్యాలరీలు, ఎగ్జిబిషన్ డిజైన్, సినిమా సెట్లు, ఈవెంట్లు, ఆర్ట్ టీచింగ్ లాంటి రంగాలు తెరిచే ఉంటాయి. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ చేయొచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎఫ్ఏ ఉంది. డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే ఎన్ఐడీల కోసం డాట్, ఐఐటీల బీడిజైన్ కోసం యూసీడ్ రాయాలి. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలేలో విద్యార్థుల పనులకు ప్రత్యేక వేదిక ఉంటుంది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి.

ఒక్కమాట. పొడితో చేసిన పని పొడిలాగే పోతుంది. పోర్ట్‌ఫోలియోలో మిగిలేది మీరు తీసిపెట్టుకున్నదే. అందుకే మొదలుపెట్టినప్పుడొకటి, సగంలో ఒకటి, పూర్తయ్యాక పైనుంచి ఒకటి ఫొటో తీసి, తేదీ వేసి దాచండి. ఆ తర్వాతే చీపురు తీయండి.