ఎంత ఎత్తని కాదు, పడితే ఎటని అడగండి

బడిలో హామ్ రేడియో కేంద్రం పెడదామన్న మాట రాగానే పిల్లలు అడిగేది ఒక్కటే: "టవరు ఎంత ఎత్తు వేస్తారు మాస్టారూ?" తల్లిదండ్రులు అడిగేది, "ఎంతవుతుంది?" రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ వాటికంటే ముందు అడగాల్సింది మరొకటుంది. ఆ టవరు పడిందంటే ఎటు పడుతుంది? దీనికి జవాబు దొరకని స్థలంలో టవరు వేయకూడదని ఉపాధ్యాయులుగా మేము గట్టిగా చెబుతాం.

హామ్ రేడియో సరదాగా మొదలయ్యే విద్యే అయినా, ఆపదలో అక్కరకొస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన వేళ వారి రేడియో ద్వారానే ఎందరి క్షేమ సమాచారమో బయటి ప్రపంచానికి చేరింది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను బరంపురం తెలుగువారికి ఇంకా గుర్తే. అలాంటి రాత్రి పనికొస్తుందని వేసుకునే టవరు ఆ రాత్రే కూలితే ఇక దానివల్ల ప్రయోజనమేముంది?

ఎత్తు ఎంత కావాలి?

ముందు అసలు టవరు కావాలా అని చూసుకోవాలి. దూరప్రాంతాలతో మాట్లాడే 7 మెగాహెర్ట్జ్ తరంగాలకు సుమారు 20 మీటర్ల రాగి తీగ చాలు. నడిమి భాగాన్ని ఒక గట్టి స్తంభానికి ఎత్తి, రెండు కొసలనూ రెండు వైపులా వాలుగా కట్టుకోవచ్చు. కొసలు మాత్రం ఎవరి చేతికీ అందకూడదు.

చుట్టుపక్కల ఊళ్లతో మాట్లాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గరే ఎత్తు లెక్కకొస్తుంది. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. రెండు వైపులా యాంటెన్నాలు 10 మీటర్ల ఎత్తులో ఉంటే, మధ్యలో కొండ అడ్డం లేని చోట సుమారు 26 కిలోమీటర్లు అందుతుంది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాదాపు అంతే దూరం. రెండు వైపులా ఎత్తును 20 మీటర్లు చేస్తే దూరం రెట్టింపు కాదు, 37 కిలోమీటర్లకు చేరుతుంది. కానీ గాలికి టవరును మొదలంటా వంచే బలం మాత్రం సుమారు నాలుగింతలవుతుంది. అందుకే చాలా బడులకు పది మీటర్లే సరైన బేరం.

గాలి లెక్క

భారత ప్రమాణాల ప్రకారం కోస్తా ఒడిశాలోనూ, విశాఖ, చెన్నైలలోనూ కట్టడాలకు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. బెంగళూరుకు అది 33 మీటర్లే. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో తోసినట్టు ఉంటుంది. 33 మీటర్ల గాలికి అది 67 కిలోలు. కాబట్టి బెంగళూరులో నిలిచిన టవరు తీరంలోనూ నిలుస్తుందని అనుకోకూడదు. కొనేటప్పుడు "ఎంత గాలికి తట్టుకుంటుంది, పైన ఎంత యాంటెన్నాతో?" అని అడిగి, తయారీదారు చేత కాగితం మీద రాయించుకోవాలి.

కాళ్లు గట్టిగా

బడులకు అనువైనది మూడు పైపుల మధ్య అడ్డకడ్డీలు వెల్డింగ్ చేసి, జింకు పూత వేసిన టవరు. దాన్ని మూడు దిక్కులకూ సమాన కోణంలో స్టే వైర్లతో కట్టాలి. పది మీటర్ల టవరుకు మధ్యలో ఒకటి, పైన ఒకటి, రెండు వరసలుంటే మేలు. లంగరు గుంతలు టవరు మొదలుకు ఏడెనిమిది మీటర్ల దూరంలో తవ్వాలి. అంత ఖాళీ లేకపోతే స్టే వైర్లు అక్కర్లేని టవరు దొరుకుతుంది. దానికి పునాది చాలా పెద్దది కావాలి, ఖర్చూ ఎక్కువే.

పునాది కొలతలు మేస్త్రీ అంచనాకు వదలొద్దు. నల్లరేగడి, ఇసుక, ఎర్రమట్టి ఒకేలా పట్టి ఉంచవు. ఇంజినీరు నేల చూసి లోతు చెప్పాలి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. ఆ లోగా టవరు ఎత్తొద్దు. మేడ మీద వేస్తే పిట్టగోడకు స్టే వైరు కట్టనే కూడదు. గాలి లాగితే ఆ గోడే ఊడి కింద పడుతుంది.

కరెంటు తీగ, పిడుగు, పిల్లలు

కరెంటు తీగకు టవరు దూరం, యాంటెన్నాతో కలిపిన ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఈ ఒక్క నియమంలో సర్దుబాటు లేదు. టవరు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు జరిగే ఘోరాలకు ఎక్కువగా తగిలేది ఆ తీగే. ప్రార్థన జరిగే చోటు, ఆటస్థలం కూడా పడే పరిధిలో ఉండకూడదు.

టవరుకు ఎర్తింగ్ తప్పనిసరి. యాంటెన్నా కేబులు గదిలోకి వచ్చే ముందే దాని పైతొడుగును ఎర్తుకు కలపాలి. మబ్బు పట్టగానే కేబులును రేడియో నుంచి ఊడదీయాలి. టవరు మొదలు చుట్టూ కంచె వేసి తాళం పెట్టాలి. స్టే వైర్లకు కింద రెండు మీటర్ల మేర పసుపు పైపు తొడిగితే పరుగెత్తే పిల్లల మెడకు తగలవు. పైకి ఎక్కేది నడుము, భుజాలకు బెల్టు కట్టుకున్న పనివాడే. విద్యార్థి ఎక్కకూడదు, ఉత్సాహం ఉన్న మాస్టారూ ఎక్కకూడదు.

ప్రసారానికి కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కావాలి, దానికి పరీక్ష ఉంటుంది. టవరు ఎత్తుకు ఏ అనుమతులు వర్తిస్తాయో ఆ శాఖనూ, స్థానిక పురపాలక సంఘాన్నో పంచాయతీనో కొనకముందే అడగాలి.

చివరగా పాఠశాల కమిటీలకు ఒక మాట. టవరుకు డబ్బు పోగుచేసే రోజునే ఏటేటా తనిఖీకి అయ్యే డబ్బు కూడా పక్కన పెట్టండి. వానలకు ముందు ఒకసారి, దసరా తుపానులకు ముందు ఒకసారి బోల్టులు, తుప్పు, స్టే వైర్ల బిగువు చూడాలి. సముద్రపు ఉప్పుగాలి జింకు పూతను త్వరగా తినేస్తుంది. ఆ ఖర్చుకు ఒప్పుకోలేని కమిటీ టవరు జోలికి పోకుండా రెండు స్తంభాల మధ్య రాగి తీగతో సరిపెట్టుకోవడమే మంచిది. పిల్లలు ఆ తీగతోనూ రేడియో నేర్చుకుంటారు.