ఎండలో బండి, కాళ్లకు పొట్టి బూట్లు

వరంగల్ ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. మార్చిలో మొదలయ్యే ఒంటిపూట బడులు వదిలేది కూడా సరిగ్గా నడినెత్తిన సూర్యుడున్నప్పుడే. పరకాల రోడ్డు మీదా, నర్సంపేట రోడ్డు మీదా ఆ వేళప్పుడు బండ్ల మీద తిరిగొచ్చే టీచరమ్మలను చూడండి. తలకు హెల్మెట్, ముఖానికి చున్నీ, చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు, అన్నీ ఉంటాయి. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హవాయి చెప్పులు! అడిగితే, "ఈ ఎండలో బూట్లేమిటండీ, ఉడికిపోమూ?" అంటారు.

ఉడికిపోతామా, లేదా అన్నది కాస్త ఆలోచిద్దాం. మన చర్మం వేడి ఇంచుమించు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు కాలికి తగిలితే హాయిగానే ఉంటుంది. గాలే 42 డిగ్రీలుంటే? అది మన వేడిని తీసుకుపోదు సరికదా, ఇంకా తెచ్చిపెడుతుంది. అప్పుడు మనకు దక్కే చల్లదనమంతా చెమట ఆరడం వల్ల వచ్చేదే. వడగాడ్పులో గొర్రెలు కాసేవాళ్లు గొంగడి కప్పుకునేది ఊరికే కాదు. చున్నీ చుట్టుకోవడంలో ఉన్న కిటుకే ఇదీను. పైగా మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. చౌరస్తాలో బండి ఆపి కాలు కింద పెట్టినప్పుడు పలచటి రబ్బరు చెప్పు ఆ వేడిని ఎంతని ఆపుతుంది? కాబట్టి పాదాన్ని కప్పుకోవాలి, అయితే చెమట ఆరే దారి ఉంచి కప్పుకోవాలి.

ఇక దెబ్బల సంగతి. బండి పక్కకు ఒరిగితే రోడ్డుకూ బండికీ మధ్య నలిగేది చీలమండ. అక్కడ ఎముక మీద కండ ఉండదు, చర్మం కూడా పలచన. వెనక కూర్చున్న పిల్లల మడమ చక్రం పుల్లల్లో పడటం మరొకటి. ఇది ఎముకల డాక్టర్లు తరచుగా చూసే దెబ్బ, మడమ చర్మం లేచిపోతే మానడానికి వారాలు పడుతుంది. మోటారు సైకిల్ సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ లేని ఇల్లు మన వీధుల్లో అరుదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పాదాలు మొద్దుబారి ఉంటే, కాలినట్టు కూడా తెలియదు, పుండు పడ్డాకగాని చూసుకోరు.

ఎత్తు ఎంతుండాలంటే, చీలమండ ఎముక పూర్తిగా మూసుకుని, ఆపైన మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే సరి. మోకాలి దాకా వచ్చే పొడుగు బూట్లకు రక్షణ ఎక్కువే, కాదనను. కాని మన ఎండలో వాటిని నాలుగు రోజులు వేసి ఐదో రోజు మూలకు పడేస్తారు. మూలనున్న బూటు కాలిని కాపాడదు కదా!

ఇప్పుడు తోలు. బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది చూడండి, దాని చెక్కతో పచ్చితోలును పదును చేయడం మన తెలుగు దేశంలో తరతరాల విద్య. మనవాళ్లు తొడిగిన కిర్రు చెప్పులు ఆ విద్యలోంచి వచ్చినవే. కాని చెట్ల చెక్కతో పదును చేసిన తోలు 80 డిగ్రీల దాపుల్లోనే ముడుచుకుపోతుంది. క్రోమియం ఉప్పులతో చేసిన తోలు మరిగే నీళ్ల వేడిని కూడా చాలావరకు తట్టుకుంటుంది, మెత్తగానూ ఉంటుంది. ఇంజను పక్కన ఉండే బూటుకు రెండోదే మేలు. రెక్సిన్ జోలికి పోవద్దు, అది గాలి ఆడనివ్వదు, సైలెన్సర్‌కు తగిలితే కరిగి అంటుకుంటుంది. వల గుడ్డ పెట్టిన బూట్లు కూడా వస్తున్నాయి. చల్లగానే ఉంటాయి, కాని రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఆ గుడ్డ నిలవదు. వల పాదం పైభాగాన మాత్రమే ఉండి, వేళ్లు, మడమ, చీలమండల దగ్గర గట్టి తోలు ఉన్నది చూసుకోండి.

మీరు దుకాణంలో చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. చీలమండ దగ్గర రెండు వైపులా వేళ్లతో నొక్కండి, లోపల గట్టి పలక తగలాలి. బూటును రెండు చేతులా పట్టుకుని వంచితే వేళ్ల కీళ్ల దగ్గర వంగాలిగాని, నడుమ అట్టముక్కలా మడవకూడదు. అడుగు రబ్బరుదై గాట్లు ఉండాలి, కేవలం జిగురుతో అంటించినదానికంటే కుట్టు వేసినది నమ్మకం. నురగలాగా తేలికగా ఉండే పాలియురెథేన్ అడుగు వాడకపోయినా చెమ్మకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, కాబట్టి తగ్గింపు ధరకు ఇస్తున్న పాత సరుకు విషయంలో ఆశపడకండి. మడమ ఎత్తు వద్దు. గేర్ల బండి నడిపేవాళ్లు ఎడమ బూటు మీద అదనపు తోలు ముక్క ఉన్నది అడగండి, గేరు రాపిడంతా అక్కడే. లేసులకంటే లోపలి వైపు జిప్పు సుఖం. లేసులైతే చివర్లు లోపలికి దోపాలి, వేలాడితే ఫుట్‌రెస్టుకు చుట్టుకుంటాయి.

కొనడానికి సాయంత్రం వెళ్లండి. ఎండకూ పనికీ పాదాలు ఉబ్బేది అప్పుడే. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి కరుస్తుంది. వేసుకునే మేజోళ్లు వెంట తీసుకుపోయి, తొడుక్కుని ఒకసారి గొంతుక్కూర్చోండి, మెట్లెక్కండి.

"సింగరేణిలో, రైల్వే షెడ్లలో వాడే ఇనుప ముక్కు బూట్లు చవకగా వస్తాయి, అవి చాలవా?" అని మా పక్కింటి వదిన అడిగింది. వాటికి ఐ.ఎస్. 15298 అనే మన దేశపు ప్రమాణం ఉంది, ముక్కు 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. బరువైన వస్తువు వేళ్ల మీద పడే పనికి అవి దివ్యంగా ఉంటాయి. బండి మీద మాత్రం బరువు, వేడి, పైగా గేరు కాలికి తెలియదు. చెప్పులకంటే వెయ్యి రెట్లు నయం గనుక ఇంట్లో ఉంటే వాడుకోండి. కొత్తవి కొనేటట్టయితే బండి బూట్ల కోసమే ఏర్పడిన యూరప్ ప్రమాణం 13634 గుర్తు ఉందేమో నాలుక లోపల చూడండి. దాని కింద నాలుగు అంకెలుంటాయి, ఒక్కోటి 1 గాని 2 గాని. మొదటిది ఎత్తు గురించి, పొట్టి బూటుకు 1 ఉండటం సహజం. మిగిలిన మూడూ రాపిడి, కోత, అడ్డంగా నలిగే ఒత్తిడి. వాటిలో 2 ఎక్కువుంటే మంచిది.

చీర మీద బూట్లు బాగుండవని అత్తగారు నవ్వితే నవ్వనీయండి, ఆఫీసుకు చేరాక చెప్పులు మార్చుకోవచ్చు, సీటు కింద సంచిలో పెట్టుకుంటే సరి. వెనక కూర్చునేవాళ్లకు మరో రక్షణ కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ప్రకారం బండికి చేతిపట్టు, ఫుట్‌రెస్టులు, వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండి తీరాలి. మనం చీరగార్డు అనేది దాన్నే. అందం కోసం దాన్ని ఊడదీయించే కుర్రాళ్లున్నారు, మీ ఇంట్లో ఉంటే తిరిగి పెట్టించండి.

ఒకవేళ సైలెన్సర్ తగిలి కాలిందే అనుకోండి, కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి ఏవీ రాయొద్దు. బొబ్బ చిదమవద్దు.

మేజోళ్లు రెండు జతలు ఉంచుకుని రోజూ మార్చండి. నూలువి చెమట పీల్చి అట్లాగే తడిగా ఉంటాయి, నూలులో నైలాన్ కలిసినవి త్వరగా ఆరతాయి. ఇంటికి రాగానే బూట్ల నాలుక బయటికి లాగి నీడన గాలికి పెట్టండి, ఎండలో పెడితే తోలు పెళుసెక్కి పగులుతుంది. వానాకాలంలో తడిస్తే లోపల పాత పేపరు కుక్కి, తడి పట్టగానే మార్చేయాలి. కుట్టు ఊడితే కొత్తవాటికి పరుగెత్తకండి. మన వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన మైనపు దారంతో వేసే కుట్టు, కంపెనీ కుట్టుకంటే గట్టిగా ఉంటుంది.