పనిని బట్టి తెర

తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన భివండీలోని కామత్‌ఘర్‌లో, వ్యాపారి ఇచ్చిన నూలును మజూరికి నేసి గ్రే బట్టగా అప్పగించే చిన్న కార్ఖానాదారుకు బీము రాకపోకలు, కండెల లెక్క, నేత కూలి, చలాను, రావలసిన బాకీ అన్నీ కలిసి ఒకే ఆర్డరు. ఫోనులో మాత్రం అదే ఆర్డరు ఒక చోట వాట్సాప్ సందేశంగా, మరొక చోట స్ప్రెడ్‌షీట్ వరుసగా, ఇంకొక చోట చెల్లింపు రసీదుగా చెదిరిపోతుంది; వాటిని కలిపి గుర్తుంచుకునే భారమంతా మనిషిదే.

ఈ చిక్కును 1986లోనే జెరాక్స్ పరిశోధనా కేంద్రం ‘పార్క్’కు చెందిన ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ చక్కగా వివరించారు. ఏ ప్రోగ్రామైనా ఒక సమయంలో మెమరీలోని కొద్ది భాగాన్నే పదేపదే వాడుతుందనీ, ఆ భాగం అందుబాటులో లేకపోతే యంత్రం కాలమంతా మెమరీ పేజీలను మార్చుకోవడానికే ఖర్చవుతుందనీ పీటర్ డెనింగ్ 1968లో చూపిన సిద్ధాంతాన్ని వారు విండోలతో ఇరుకైన తెరకు వర్తింపజేసి, ‘రూమ్స్’ అనే వ్యవస్థను నిర్మించారు. అందులో ఒక్కో పనికి ఒక్కో గది ఉంటుంది. వదిలి వెళ్ళిన విండోలు తిరిగి వచ్చేసరికి ఎక్కడివక్కడే ఉంటాయి.

అయితే ఆ గదులలో ఉన్నవి మళ్ళీ ప్రోగ్రాములే. జెఫ్ రాస్కిన్ రూపొందించగా 1987లో వచ్చిన కానన్ క్యాట్ వాటినీ తొలగించి, రాత మొత్తాన్ని ఒకే ప్రవాహంగా ఉంచి, లెక్క కట్టడం వంటి ఆజ్ఞలను ఆ రాతలోనే అందించింది. అది మార్కెట్‌లో నిలవలేదు. పత్రంలోనే వేర్వేరు సంస్థల పనిముట్లను అమర్చదలచిన ఆపిల్ ఓపెన్‌డాక్‌ను 1997లో ఆపేశారు. యాప్‌లు అమ్ముకునే పరిశ్రమకు ముక్కలుగా అమ్ముకోవడం గిట్టుబాటు కాదన్నది ఊహించదగినదే.

అంతకన్నా లోతైన సమస్య పనికి హద్దు గీయడం. పలు సాంచెలను (మరమగ్గాలను) ఒకేసారి నడిపే నేతగాడి కూలి రెండు మూడు ఆర్డర్లకు చెందవచ్చు కనుక, ఆ లెక్క ప్రతి ఆర్డరులోనూ కనబడుతూనే, నకళ్ళుగా విడిపోకుండా, ఒక చోట దిద్దితే అన్ని చోట్లా మారాలి. డెన్మార్క్ ఆసుపత్రుల కోసం యాకబ్ బార్‌డ్రామ్ బృందం చేసిన ప్రయోగాలలో రోగికి సంబంధించిన పనిని ఒక యంత్రంపై ఆపి మరొకదానిపై కొనసాగించడం, సహోద్యోగితో పంచుకోవడం సాధ్యమైంది. అదే పద్ధతి కార్ఖానాకు వస్తే, రాత్రి పాళీ మేస్త్రీకి ఆర్డరు మొత్తం తెరుచుకున్నప్పుడు బీము, కండెల లెక్కతోపాటు వ్యాపారి బాకీ కూడా కనబడాలా అన్నది ముందే తేల్చుకోవాలి.