ట్రంకుపెట్టెతో బడికి!

హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే దారిలో చౌటుప్పల్‌ దగ్గర హైవే దిగి సంస్థాన్‌ నారాయణపురం వైపు మళ్లితే వచ్చే ఊరు సర్వేలు. నిన్నటి నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. ఫ్లోరైడ్‌ నీళ్లతో నలిగిన ప్రాంతం, వానను నమ్ముకున్న మెట్టచేలు. దేశంలో తొలి ప్రభుత్వ గురుకులంగా పేరొందిన బడి పుట్టింది ఇక్కడే... 1971 నవంబరు 23న!

అప్పుడు ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు. ఆ కుర్చీలో కూర్చుని రెండు నెలలైనా కాలేదు. అంతకుముందు విద్యాశాఖ చూశారు. పెద్దచదువు కోసం వంగర విడిచి హన్మకొండ వెళ్లిన మనిషి. ఊళ్లో హైస్కూలు లేకపోతే పిల్లాడి చదువు ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. బడికి భూమి ఇచ్చింది సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి. 1951లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు ఇస్తానన్న పోచంపల్లి కూడా ఈ చుట్టుపక్కలదే. ఇచ్చే చేతులకు ఈ నేలమీద కరువు లేదు మరి!

హాస్టళ్లు అప్పటికే ఉన్నాయి. సైనిక పాఠశాలలూ ఉన్నాయి. ఇక్కడి తేడా వేరు. పరీక్ష పెట్టి పల్లెపిల్లల్ని ఎంచుకుంటారు. సార్లు కూడా అదే ఆవరణలో కాపురం ఉంటారు. పొద్దుటి వ్యాయామం నుంచి రాత్రి స్టడీ అవర్‌ దాకా పిల్లాడు వాళ్ల కళ్లముందే. ట్యూషన్‌ ఫీజు బెంగ తండ్రికి ఉండదు. బెంగల్లా అమ్మకే. పెట్టెలో రెండు జతల బట్టలు, ఇన్ని సకినాలు సర్ది పంపితే మళ్లీ సెలవులకే చూడటం!

తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఇలాంటి బడులే వచ్చాయి. 1985లో పీవీ కేంద్రంలో మానవ వనరుల శాఖ చేపట్టాక నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. సర్వేలులో చదివిన ఎం.మహేందర్‌రెడ్డి తెలంగాణ డీజీపీ అయ్యారు.

అంతా బాగానే ఉందిగానీ, సర్వేలు మగపిల్లల బడి. అన్న పెట్టె సర్దుకుంటుంటే గడపలో నిలబడి చూసిన చెల్లెళ్లెందరో! ఇవాళ తెలంగాణలో గురుకులాలు వెయ్యి దాకా ఉన్నాయి, ఆడపిల్లలవీ వందల్లో. అయినా ప్రవేశ పరీక్ష పరీక్షే. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు ట్రంకుపెట్టెతో బస్సెక్కుతారు, ఇంకొకరు పుస్తకాల సంచీతో జిల్లా పరిషత్‌ బడికి నడుస్తారు.